ఒక పత్రము, అయిదుగురు రచయితలు

హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణము దాటి, తార్నాక కూడలి నుండి ఉప్పలు వైపు పోయే దారిలో కొద్ది దూరములోనే మూడు జాతీయ పరిశోధనాలయాలు కనిపిస్తాయి. ఒకటి రసాయన శాస్త్రానికి, ఒకటి భూభౌతిక శాస్త్రానికి సంబంధించినవి. మూడవది జీవకణములను, అందులోని అణువులను పరిశోధించే కేంద్రము. దీనిని సి.సి.ఎం.బి. అంటారు. 1977లో తార్నాకలోని ప్రాంతీయ పరిశోధనాలయపు జీవరసాయన శాఖ నుండి ఇది పుట్టినది. పుష్పమిత్ర భార్గవ దీనికి మొదటి సంచాలకులు.

2008వ సంవత్సరము అక్టోబరు నెలలో, దీపావళి రోజులలో, ఈ కేంద్రపు అతిథి గదిలో ఇద్దరు శాస్త్రజ్ఞులు కూర్చుని తర్జనభర్జన పడుతున్నారు. బయట టపాకాయలు మోగుతున్నాయి. ఒకరు అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ రైక్. రెండవవారు నిక్ పాటర్సన్. ఈయన గణిత శాస్త్రజ్ఞుడు. పూర్వము బ్రిటిషు ప్రభుత్వము కొరకు రహస్యలిపులు విప్పే పని చేసినవాడు. ఆ పగలు సి.సి.ఎం.బి. సంచాలకులు లాల్జీ సింగ్‌తోను, ఆయన సహచరుడు కుమారస్వామి తంగరాజ్‌తోను జరిగిన సమావేశము ఎటూ తేలకుండా ముగిసినది. వీరందరూ కలిసి ప్రకటించవలసిన పరిశోధన పత్రము ఆగిపోయే స్థితికి వచ్చినది. తగవు డబ్బు గురించి కాదు, ఎవరి పేరు ముందు వ్రాయాలన్న దాని గురించి కూడా కాదు. ఒక్క మాట గురించి.

ఈ తగవు ఏమిటో, ఎట్లా తీరినదో చూచే ముందు సహరచన అనేది ఏమిటో కొంత తెలుసుకోవాలి.

పూర్వము శాస్త్ర పత్రాలను చాలావరకు ఒక్కరే వ్రాసేవారు. 1905లో ఐన్‌స్టయిను ప్రకటించిన సాపేక్షతా పత్రము మీద ఆయన పేరు ఒక్కటే ఉన్నది. నేడు అట్లా కాదు. ఒకరు నమూనాలు సేకరిస్తారు, ఒకరు పరికరముతో కొలుస్తారు, ఒకరు లెక్కలు కడతారు, ఒకరు వ్రాస్తారు. 2015లో హిగ్స్ కణపు ద్రవ్యరాశిని గురించి వెలువడిన పత్రానికి రచయితలు 5,154 మంది. ముప్పది మూడు పుటల ఆ పత్రములో ఇరువది నాలుగు పుటలు రచయితల పేర్లకు, వారి సంస్థల పేర్లకే పట్టినవి. పెండ్లి శుభలేఖలో బంధువుల పేర్లు వేయడములో మనవారిని మించినవారు లేరనుకొంటాము గాని, భౌతిక శాస్త్రజ్ఞులు మించిపోయారు.

అయితే శుభలేఖలో పేరు గౌరవానికి వేస్తారు. పరిశోధన పత్రములో పేరు అటువంటిది కాదు. ఆ పేరుకు ఒక బాధ్యత ఉన్నది. వైద్య పత్రికల సంపాదకులు కొందరు 1978లో కెనడాలోని వాంకూవరు నగరములో సమావేశమై పత్రాల రచనకు నియమాలు ఏర్పరచడము మొదలుపెట్టారు. కాలక్రమములో ఆ సంఘము రచయిత అనిపించుకోవడానికి నాలుగు అర్హతలు నిర్ణయించినది. పరిశోధనలో చెప్పుకోదగిన భాగము ఉండాలి. పత్రమును వ్రాయడములోనో సవరించడములోనో చేయి ఉండాలి. అచ్చుకు పోయే ప్రతిని చూచి ఒప్పుకొని ఉండాలి. పత్రములో ఎక్కడ సందేహము వచ్చినా జవాబుదారీ వహించడానికి సిద్ధపడాలి. ఈ నాలుగవది 2013లో చేర్చబడినది. మూడవ నియమమును గమనించండి. సహరచయితలలో ఒక్కరు ఒప్పుకోకపోయినా పత్రము కదలరాదు. అయిదుగురిలో నలుగురి మాట నెగ్గుతుందనే ఓట్ల పద్ధతి ఇక్కడ లేదు.

తగవులలో తరచు వచ్చేది పేర్ల వరుసను గురించినది. గణితములో అక్షరక్రమము పాటిస్తారు గనుక పేచీ తక్కువ. జీవశాస్త్రములో ఎక్కువ పని చేసినవారి పేరు మొదట, పరిశోధనాలయపు పెద్ద పేరు చివర వేయడము వాడుక. 1948లో రాల్ఫ్ ఆల్ఫర్ అనే యువకుడు జార్జి గామోవ్ వద్ద విశ్వపు ఆదిలో మూలకములు ఎట్లా ఏర్పడినవో పరిశోధించి ఒక పత్రము సిద్ధము చేశాడు. గామోవ్ వినోదప్రియుడు. ఆల్ఫర్, గామోవ్ అనే పేర్ల మధ్య హాన్స్ బేతే పేరు చేరిస్తే ఆల్ఫా, బీటా, గామా అని గ్రీకు అక్షరమాల వలె పలుకుతుందని, పరిశోధనలో పాలు లేని బేతే పేరు చేర్చాడు. పత్రము ఏప్రిల్ ఒకటవ తేదీన అచ్చయినది. అందరూ నవ్వారు గాని ఆల్ఫరుకు నవ్వు రాలేదు. ఇద్దరు ప్రఖ్యాతుల మధ్య తన కష్టము ఎవరికి కనిపిస్తుంది అని ఆయన బాధ. అది న్యాయమైన బాధే.

మన భీమవరములో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డులో సైరస్ ఫిస్కే వద్ద పనిచేసి, 1925లో భాస్వరమును కొలిచే రంగు పద్ధతిని ప్రకటించారు. నేటికీ దానిని ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అనే అంటారు. కండరములో శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్ గురించి 1927లోను, ఏ.టి.పి. గురించి 1929లోను వెలువడిన వారి పత్రాలలో కూడా పేర్ల వరుస అదే. ఇటువంటి సందర్భాలలో పని మొదలుపెట్టేటప్పుడే ఎవరి పేరు ఎక్కడ అని వ్రాసి పెట్టుకోవడము మేలని ఇప్పుడు అనేక విశ్వవిద్యాలయాలు విద్యార్థులకు చెప్పుతున్నాయి. కోత అయిన తరువాత పాలు పంచుకోవడము కంటె నాట్లకు ముందే మాట అనుకోవడము సులభము గదా.

రెండవ రకపు తగవు ఇంతకంటె కష్టమైనది. కొలతలు ఒకటే, వాటి అర్థము ఏమిటి అన్న చోట రచయితలు విడిపోతారు. హైదరాబాదులో జరిగినది ఇదే.

లాల్జీ సింగ్, తంగరాజ్ దేశము నలుమూలల నుండి అనేక సముదాయాల వారి రక్త నమూనాలను ఏండ్ల తరబడి సేకరించి ఉన్నారు. అమెరికా వారి వద్ద కొత్త గణిత పద్ధతులు ఉన్నాయి. రెండూ కలిస్తే భారతీయుల పూర్వ చరిత్రను గురించి అంతకు ముందు సాధ్యము కాని సంగతులు తెలుస్తాయి. ఇరువది అయిదు సముదాయాలకు చెందిన 132 మందిని తీసుకొని, ఒక్కొక్కరి డి.ఎన్.ఏ.లో 5,60,123 చోట్ల ఏ అక్షరము ఉన్నదో చూచారు. మాల, మాదిగ, వెలమ, వైశ్య, కంసాలి, చెంచు మొదలైన పేర్లు ఆ పట్టికలో ఉండడము తెలుగు పాఠకునికి ఆసక్తి కలిగిస్తుంది. కాశ్మీరీ పండితులు, సంతాలులు, అండమాను దీవుల ఓంగీలు కూడా ఉన్నారు.

లెక్కలు కట్టగా ఒక విషయము స్పష్టమైనది. దాదాపు ప్రతి భారతీయ సముదాయము రెండు వేర్వేరు పూర్వ జనుల కలయిక వలన ఏర్పడినది. అందులో ఒక జనము ఐరోపా, మధ్య ఆసియా, పశ్చిమాసియా వారికి దగ్గర. కలయికలో పాళ్లు మాత్రము ఒక్కొక్క సముదాయానికి ఒక్కొక్క విధముగా ఉన్నాయి. రైక్, పాటర్సన్ తాము కట్టిన సారాంశములో ఆ మొదటి జనమును ‘పశ్చిమ యురేషియా వారు’ అని వ్రాశారు.

ఈ మాట వద్ద హైదరాబాదు వారు ఆగిపోయారు.

వారి అభ్యంతరము మూడు విధాలు. ఆ మాట వ్రాస్తే పడమటి నుండి జనము పెద్ద సంఖ్యలో ఈ దేశములోనికి వచ్చినట్లు పాఠకుడు అర్థము చేసుకొంటాడు. కాని చేతిలోని కొలతలు పోలికను చూపుతున్నాయే గాని ఎవరు ఎటు నుండి ఎటు పోయారో చూపడము లేదు. ఇక్కడి వారే అటు పోయి ఉండకూడదా? ఇది మొదటిది. తాము అంతకు ముందు చేసిన మైటోకాండ్రియా పరిశోధనలలో భారతీయుల తల్లి వంశాలు చాలావరకు ఎన్నో వేల సంవత్సరాలుగా ఈ ఉపఖండములోనే ఉన్నట్లు తేలినది. దానికి దీనికి పొత్తు కుదరడము లేదు. ఇది రెండవది. ఇక మూడవది, ఇటువంటి వాక్యము దేశములో రాజకీయముగా నిప్పు రాజేస్తుంది.

ఈ మూడింటిని ఒకే గాటన కట్టరాదు. మొదటి రెండు శాస్త్రములోని అభ్యంతరాలు. మూడవది శాస్త్రానికి వెలుపలిది. తగవు వేడిలో వినేవారికి మూడవది మాత్రమే చెవికి ఎక్కుతుంది. రైకుకు కూడా అట్లాగే జరిగినది. రాజకీయ కారణాల వలన తాము కనుగొన్న దానిని చెప్పనీయడము లేదని ఆ రోజు తనకు అనిపించినట్లు ఆయన 2018లో ప్రకటించిన తన గ్రంథములో వ్రాశారు. పడమటి నుండి వలస జరిగినదనడానికి ప్రత్యక్ష సాక్ష్యము లేదన్న హైదరాబాదు వారి మాట సరి అయినదేనని కూడా ఆ గ్రంథములోనే ఒప్పుకొన్నారు. ఈ వృత్తాంతము ఒక పక్షము వారు చెప్పినదే అయినా, ఎదుటివారి వాదములో పస ఉన్నదని చెప్పుకొన్నందున దానికి విలువ ఉన్నది.

రెండవ అభ్యంతరమును కొంచెము వివరించుకోవాలి, ఎందుకంటే విద్యార్థులకు ఇందులో ఒక మంచి పాఠము ఉన్నది. మైటోకాండ్రియా అనేవి జీవకణములో శక్తిని తయారుచేసే చిన్న భాగాలు. వాటికి స్వంత డి.ఎన్.ఏ. ఉన్నది. అది బిడ్డకు తల్లి నుండి మాత్రమే వస్తుంది, తండ్రిది రాదు. ఒక ఊరిలోని ఒక ఇంటికి ఇల్లరికపు అల్లుడు వచ్చాడనుకోండి. పుట్టిన పిల్లలలో సగము పాలు ఆ అల్లునిది. అయినా పిల్లల మైటోకాండ్రియాను పరీక్షిస్తే అది అమ్మదే, అమ్మమ్మదే, ఆ ఊరిదే. అల్లుని జాడే కనిపించదు. అట్లా పదిమంది అల్లుళ్లు వచ్చినా, నూరుమంది వచ్చినా, తల్లి వంశము చూచేవారికి ఆ ఊరికి ఎవరూ రానట్లే ఉంటుంది. మొత్తము డి.ఎన్.ఏ.ను చూచేవారికి మాత్రము సగము పాలు కొత్తదిగా కనిపిస్తుంది. కనుక కలయికలో ఒక పక్షము నుండి పురుషులు ఎక్కువగా పాల్గొన్నట్లయితే, హైదరాబాదు వారి పాత కొలత, అమెరికా వారి కొత్త కొలత రెండూ ఒప్పే కావచ్చును. ఎదుటివారి కొలత తప్పు అని కొట్టివేయకుండా, రెండూ ఒప్పయితే జరిగినది ఏమై ఉండాలి అని అడగడము ఇటువంటి చోట పనికివస్తుంది.

సరే, తగవు తీర్చడానికి హైదరాబాదు వారు ఒక మాట సూచించారు. భారతీయులకు, పశ్చిమ యురేషియా వారికి మధ్య ‘జన్యు సామ్యము’ ఉన్నదని వ్రాద్దాము అన్నారు. మెత్తగా, ఎవరినీ నొప్పించకుండా ఉన్న మాట. కాని రైక్, పాటర్సన్ దీనికి ఒప్పుకోలేదు. ఎందుకో చూడండి. ఒకే కుండలోని పాలను రెండు చెంబులలో పోస్తే రెండింటికి పోలిక ఉంటుంది. ఆవు పాలు, గేదె పాలు కలిపిన చెంబుకు ఆవు పాలతో కొంత పోలిక ఉంటుంది. రెండు చోట్లా ‘సామ్యము’ అనే మాట సరిపోతుంది. కాని లెక్కలు చెప్పుతున్నది రెండవ సంగతి; నిజముగా కలయిక జరిగినదని. సామ్యము అని వ్రాస్తే, కలయిక జరగనే లేదేమో అనుకోవడానికి సందు మిగులుతుంది. తెలిసిన దానిని తెలియనట్లు వ్రాయడమవుతుంది.

అనగా ఒక పక్షము వారి మాట తెలిసిన దానికంటె ఎక్కువ చెప్పుతున్నది. రెండవ పక్షము వారి మాట తెలిసిన దానికంటె తక్కువ చెప్పుతున్నది. సాయంత్రానికి సమావేశము ఇక్కడ నిలిచిపోయినది.

ఇటువంటప్పుడు నియమాల ప్రకారము ఉండే దారులు కొన్నే. ఒప్పుకోని రచయిత తన పేరు తీసివేయమని అడగవచ్చును. తన భిన్నాభిప్రాయమును వేరుగా ప్రకటించవచ్చును. మూడవ మనిషిని పిలిచి పరిశీలింపజేయవచ్చును. ఇక్కడ మొదటి దారి మూసుకొని ఉన్నది. నమూనాలు సేకరించినవారు తప్పుకొంటే పత్రమే ఉండదు. వారు తప్పుకొంటే పోయేది పూర్వ చరిత్ర ఒక్కటే కాదు. అదే పత్రములో రెండవ భాగము ఉన్నది. మన దేశములో అనేక సముదాయాలు చిన్న గుంపులుగా మొదలై తమలో తామే వివాహాలు చేసుకొంటూ వచ్చినందున, కొన్ని అరుదైన వంశపారంపర్య వ్యాధులు ఆయా సముదాయాలలో ఎక్కువగా ఉండగలవని అందులో చూపించారు. ఆంధ్ర దేశపు వైశ్యులలో ఇట్లా మొదలై నూరు తరాలకు పైగా అయినదని లెక్క తేలినది. వైద్యులకు, రోగులకు అక్కరకు వచ్చే ఈ సంగతి మీద ఎవరికీ తగవు లేదు. అయినా ఒక్క మాట వలన అదీ ఆగవలసి వచ్చేది.

ఆ రాత్రి అతిథి గదిలో రైక్, పాటర్సన్ ఆలోచించినది తమ వాదమును ఎట్లా నెగ్గించాలని కాదు. ఎదుటివారికి ఈ మాట ఎందుకు గుచ్చుకొంటున్నది అని. మరునాడు అందరూ లాల్జీ సింగ్ గదిలో మళ్లీ కూర్చున్నారు. కలిసి రెండు కొత్త పేర్లు కల్పించారు. ఒక పూర్వ జనానికి ‘యాన్సెస్ట్రల్ నార్త్ ఇండియన్స్’, అనగా పూర్వ ఉత్తర భారతీయులు. రెండవ జనానికి ‘యాన్సెస్ట్రల్ సౌత్ ఇండియన్స్’, అనగా పూర్వ దక్షిణ భారతీయులు. మొదటివారు ఐరోపా, పశ్చిమాసియా, మధ్య ఆసియా వారికి దగ్గరవారని వ్రాశారు. వారి జన్మస్థానము ఎక్కడ, వారు ఎప్పుడు ఎటు కదిలారు అనే వాటి జోలికి పోలేదు. రెండు జనాలు కలిశారన్న మాటను మాత్రము స్పష్టముగా ఉంచారు.

ఇందులో ఒక్క అంకె కూడా మారలేదు. రెండు పక్షాల వారు బేరమాడినది మాటల మీదనే. పూర్వ ఉత్తర భారతీయుల పాలు చాలా సముదాయాలలో 39 మొదలు 71 శాతము వరకు ఉన్నదని లెక్క వచ్చినది, అట్లాగే అచ్చయినది. ఎవరి మనసు నొవ్వకుండా ఉండడానికి 71ని 60 చేయమని ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే అది భేదాభిప్రాయము కాదు, మోసము.

ఈ పత్రము 2009 సెప్టెంబరు 24వ తేదీన ‘నేచర్’ పత్రికలో వెలువడినది. రచయితలు అయిదుగురు: రైక్, తంగరాజ్, పాటర్సన్, ఆల్కెస్ ప్రైస్, చివర లాల్జీ సింగ్. కొన్ని వార్తాపత్రికలు ఈ పత్రముతో ఆర్య ద్రావిడ వివాదమే తీరిపోయినట్లు వ్రాశాయి. పత్రము ఆ మాట అనలేదు. సహరచయితలు ఎంత జాగ్రత్తగా మాటలు ఎంచుకొన్నా, శీర్షికలు పెట్టేవారిని వారు ఏమి చేయగలరు? పేరులోనే చిక్కు ఉన్నదని విమర్శించినవారు కూడా ఉన్నారు. ‘ఉత్తర’, ‘దక్షిణ’ అనడముతో నేటి ఉత్తరాది, దక్షిణాది వారే మదికి వస్తారని. ఆ విమర్శలో కొంత నిజము ఉన్నది. దక్షిణాదివారిలోను రెండు పాళ్లు ఉన్నాయి, ఉత్తరాదివారిలోను ఉన్నాయి.

తగవులో తేలని ప్రశ్నలను మూటగట్టి పక్కన పెట్టినారే గాని పారవేయలేదు. ఇరువురు కలిసే ముందుకు పోయారు. 2013లో 73 సముదాయాల నమూనాలతో, కలయిక ఇప్పటికి 1,900 నుండి 4,200 సంవత్సరాల క్రిందట జరిగినదని లెక్క కట్టారు. ఆ పత్రము మీద కూడా తంగరాజ్, లాల్జీ సింగ్, పాటర్సన్, రైక్ పేర్లు ఉన్నాయి. ఎవరు ఎటు కదిలారు అన్నది మాత్రము బ్రతికి ఉన్నవారి రక్తముతో తేలే సంగతి కాదు. పూర్వపు మనుష్యుల ఎముకల నుండి డి.ఎన్.ఏ. తీయగలిగిన తరువాతనే అది సాధ్యమైనది. 2019లో ‘సైన్స్’ పత్రికలో 523 మంది ప్రాచీన మానవుల డి.ఎన్.ఏ.తో ఒక పెద్ద పత్రము వచ్చినది. గడ్డి మైదానాలలోని పశుపాలకుల సంతతి క్రీస్తుకు పూర్వము 2000–1500 సంవత్సరాల ప్రాంతములో దక్షిణ ఆసియాలోనికి వచ్చినదని అందులో వ్రాశారు. 2008లో సాక్ష్యము లేనందున వదిలిన వాక్యమును, సాక్ష్యము దొరికిన తరువాత వ్రాశారన్న మాట.

అదే పత్రములో ఇంకొక సవరణ ఉన్నది. పూర్వ దక్షిణ భారతీయులకు ఇతర దేశాల వారితో చుట్టరికము లేదని 2009లో అయిదుగురూ వాదులాట లేకుండా ఒప్పుకొన్నారు. అదే నిలువలేదు. ఆ జనము కూడా ఇంకా ప్రాచీనమైన కలయిక వలన ఏర్పడినదని, అందులో ఇరాను వైపు వారికి చుట్టమైన సంతతి కొంత ఉన్నదని 2019లో తేలినది. తగవు పడిన మాట కంటె తగవు పడని మాట ముందు మారినది.

ఆ నెలలోనే ‘సెల్’ పత్రికలో హర్యానాలోని రాఖీగఢీలో దొరికిన, సింధు నాగరికత కాలపు ఒక స్త్రీ డి.ఎన్.ఏ. గురించి మరొక పత్రము వచ్చినది. ఈసారి సహరచయితలలో కొందరు పత్రికలవారితో చెప్పిన భావము ఒకటి, మరికొందరు చెప్పినది మరొకటి. పత్రములోని వాక్యములకు అందరూ ఒప్పుకొన్నారు. పత్రము వెలుపల ఎవరి వ్యాఖ్యానము వారిది. ఈ రెండు పత్రాల మీద తంగరాజ్, పాటర్సన్, రైక్ పేర్లు ఉన్నాయి. లాల్జీ సింగ్ పేరు లేదు. ఆయన 2017 డిసెంబరు 10వ తేదీన మరణించారు.